తడిగోనె మీద తారు

"బానెట్ ఎత్తమనండి," అన్నాడు ఆదాం.

సర్కిల్ ఇన్‌స్పెక్టరు చెంచురామయ్య కుర్చీలోంచి లేవలేదు. మేదరమెట్ల స్టేషను ఆవరణలో వేపచెట్టు నీడ ఎటు జరిగితే అటు మడతకుర్చీ జరిపించుకుంటూ సోడా తాగుతున్నాడు.

"ఏముందయ్యా అందులో చూడ్డానికి? కాయిలు పేలింది. తారు కారింది. కోర్టులో అదే చెబుతాం. నువ్వు చూసినా తారే, చూడకపోయినా తారే."

"చూస్తే అరిగిపోదు కద సార్."

"అరగదు. ఎండకి నువ్వే కరుగుతావు." చెంచురామయ్య కానిస్టేబులుకి సైగ చేశాడు.

ఒకప్పుడు ఆదాం ఇదే చెంచురామయ్య కింద జీపు తోలాడు. తరవాత హెడ్డు కానిస్టేబులయ్యాడు. భార్య మార్తమ్మ చనిపోయిన ఏడాది ఉద్యోగం వదిలేసి, గుంటూరులో ఒక గది అద్దెకు తీసుకుని, పోలీసులు మూసేసిన కేసులు తెరవడం పనిగా పెట్టుకున్నాడు. చెంచురామయ్యకి అది నచ్చలేదు. నచ్చాలని ఆదాం కోరుకోలేదు.

కేసు అందరి నోటా ఒకటే. చిలకలూరిపేటలో పత్తి మిల్లు షావుకారు చెంచయ్య మంగళవారం నాడు భోజనం చేసి తన అంబాసిడర్ కారులో ఒంగోలు బయల్దేరాడు. మేదరమెట్ల దాటాక రోడ్డు ఎత్తెక్కేచోట కారు ఆగిపోయింది. వేసవి వస్తే ఆ కారు ఆ ఎత్తు దగ్గర ఆగడం రోడ్డున పోయే ప్రతివాడికీ తెలుసు. డ్రైవరు మీరా హుస్సేన్ మిరప చేలకి అడ్డంపడి, దూరాన ఉన్న బావికి నీళ్ళకోసం వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి తుమ్మచెట్టు కింద షావుకారు తల పగిలి పడి ఉన్నాడు. పక్కన కారు ఇంజను తిప్పే ఇనప హ్యాండిల్. ఇది డ్రైవరు చెప్పిన మాట. కొట్టింది డ్రైవరేనన్నది పోలీసుల మాట. ముందురోజు మిల్లు వాకిట్లో అందరి ఎదుటా షావుకారు అతని చెంప పగలగొట్టాడు. పోలీసులకి ఆ చెంపదెబ్బ చాలు.

ఆ మధ్యాహ్నమే మీరా హుస్సేన్‌ని ఒంగోలు కోర్టుకి తీసుకుపోతారు. కోర్టు దాకా వెళ్తే ఆ మెడ మీద ఇక ఎవరికీ ఆశ ఉండదు. ఆశ వదులుకోనిది ఒక్కతే. డ్రైవరు భార్య జోహరాబీ. గుంటూరు వచ్చి ఆదాం గది ముందు కూర్చుని ఆమె ఒకటే మాట చెప్పింది. "కారు తలుపు గట్టిగా వేస్తేనే నొచ్చుకునే మనిషన్నా మా ఆయన. తల పగలగొడతాడా?"

ఆదాం బానెట్ కింద తల పెట్టాడు.

కాయిలంటే సోడా సీసా ప్రమాణంలో ఉండే డబ్బా. లోపల రాగితీగ చుట్టి, తారు పోసి మూస్తారు. బ్యాటరీ కరెంటుని నిప్పురవ్వ చేసేది అదే. ఇంజను సెగా పైన ఎండా కలిసి అది కాగిందంటే రవ్వ పలచబడి బండి నిలబడిపోతుంది. అందుకే ఈ మెట్ట సీమలో మే నెల వచ్చిందంటే డ్రైవర్లు గోనెముక్క తడిపి కాయిలుకి చుడతారు. చల్లబడగానే బండి దారిన పడుతుంది.

జ్వరం వచ్చిన మనిషి నుదుటికి తడిగుడ్డ వేసినట్టే. మార్తమ్మకి చివరి రోజుల్లో ఆదాం చేసిందీ అదే. తడపడం, పిండడం, వెయ్యడం. క్షణంలో గుడ్డ ఆరిపోయేది. మళ్ళీ తడిపేవాడు. కారైతే చల్లబడి కదిలేది.

అతను జేబులోంచి చిన్న చాకు తీశాడు. కాయిలు చుట్టూ గోనెముక్క ఉంది. మూత పగిలి కారిన తారు గోనె మీద గడ్డకట్టింది. ఒక అంచు కోసి లేపాడు. గోనె కింద డబ్బా రంగు కూడా చెదరలేదు. గోనె మీద తారు మాత్రం వేడి నూనెలో అప్పడంలా పొక్కులు పొక్కులుగా లేచి ఉంది.

"ఇలా వచ్చి చూడండి సార్."

చెంచురామయ్య వచ్చాడు. వెనకే సోడా సీసాలు తెప్పించిన పెద్దమనిషి కూడా వచ్చాడు. అతను బుల్లయ్య, చెంచయ్యతో మిల్లులో సగం వాటాదారు, పత్తి లారీల యజమాని. డ్రైవరు మీద ఫిర్యాదు ఇచ్చింది అతనే.

"తడిగుడ్డ మీద కాగిన తారు పడితేనే ఇలా పొక్కుతుంది," అన్నాడు ఆదాం. "అంటే ముందు తడిగోనె చుట్టారు. తారు తరవాత కారింది."

"అయితే?"

"కారు ఆగింది కాయిలు పేలి కాదు. డ్రైవరు చెప్పినట్టు వేడెక్కి ఆగింది. అతను నీళ్ళు తెచ్చి గోనె చుట్టాడు. అప్పటికి షావుకారు దెబ్బతిని పడి ఉన్నాడు. కాయిలు పేలింది ఆ తరవాత."

"ఒరే ఆదాం, నాకు జీపు నేర్పింది నువ్వే. ఇంజను ఆగి ఉండగా తాళం తిప్పి వదిలేస్తే కాయిలు ఉడికి చస్తుందని చెప్పిందీ నువ్వే. మేం పోయేసరికి తాళం డ్యాష్‌బోర్డులోనే ఉంది, తిప్పి ఉంది. వాడే తిప్పి ఉంచాడు. నీళ్ళకోసం పోయానన్న కథకి సాక్ష్యం కావాలిగా."

"కాయిలు కాల్చేవాడు దానికి తడిగోనె చుడతాడా సార్? అన్నం పొయ్యి మీద పెట్టి పొయ్యిలో నీళ్ళు పోస్తామా?"

బుల్లయ్య నవ్వాడు. చెంచురామయ్య నవ్వలేదు.

ఆదాం ముందు తలుపు తెరిచాడు. డ్యాష్‌బోర్డు మీద రబ్బరు రెక్కల చిన్న ఫ్యాను ఉంది. దాని మీట వేసే ఉంది. బ్యాటరీలో ప్రాణం లేదు. ఫ్యాను మొహం ముందువరసలో ఎడమ సీటు వైపు తిరిగి ఉంది.

"షావుకారు ఎక్కడ కూర్చునేవాడు?"

"వెనక," అన్నాడు బుల్లయ్య. "డ్రైవరు పక్కన కూర్చోడానికి ఆయనేం క్లీనరా?"

"మరి ఫ్యాను ఈ సీటు వైపు ఎవరు తిప్పుకున్నారు?"

ఆదాం మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ సీటు కింద రబ్బరు పట్టా చూశాడు. నల్లటి పట్టా మీద పచ్చగా అయిదు వేళ్ళు, మడమ. పక్కనే ఇంకో అయిదు. వేలితో రాసి వాసన చూశాడు. పసుపు.

చెంచురామయ్య గొంతు తగ్గించాడు. "అదా. ఒంగోలు మనిషి ఎప్పుడో ఎక్కి ఉంటుంది."

ఒంగోలులో చెంచయ్యకి వెంకటేశ్వరమ్మ అని ఒక మనిషి ఉంది. బుల్లయ్య చెల్లెలు. చిన్నతనంలోనే మొగుడు పోయాడు. చెంచయ్య ప్రతి మంగళవారం వెళ్ళేది ఆమె ఇంటికే. చిలకలూరిపేట అంతా ఆ సంగతి చెప్పుకుంటుంది, బుల్లయ్య కనపడితే వానల మాట ఎత్తుకుంటుంది. ఇప్పుడూ అతను ఆ మాట విననట్టే కండువా దులుపుకుని, "లోడు చూసుకోవాలి," అని గేటు వైపు నడిచాడు.

అతను దూరమయ్యాక ఆదాం లేచాడు. "ఆమె మొగుడు పోయిన మనిషి సార్. కాళ్ళకి పసుపెక్కడిది? ఈ సీట్లో కూర్చున్నది పుణ్యస్త్రీ."

చెంచురామయ్య సోడా కింద పారబోశాడు. "కారన్నాక ఎవరైనా ఎక్కుతారు. తాళం సంగతి చెప్పు. కారుకి ఉన్న తాళం డ్రైవరు దగ్గరుంటుంది. అది కారులో దొరికింది. అంతే."

"అతన్నే అడుగుదాం."

లాకప్పులో మీరా హుస్సేన్ గోడకి ఆనకుండా కూర్చున్నాడు. ఆనడానికి వీపు ఒప్పుకునేలా లేదు. ఆదాంని చూసి లేవబోయాడు.

"కూర్చో. నీ కారు తాళం ఎక్కడ?"

అతను చొక్కా ఎత్తాడు. మొలతాడుకి తాయెత్తు. తాయెత్తు పక్కన తాళం.

చెంచురామయ్య చెయ్యి తన జేబు మీదికి పోయింది. అక్కడ కాగితంలో చుట్టి సీలు వేసిన తాళం ఇంకోటి ఉంది.

"బండి ఆగితే తాళం మొలకి చేరాల," అన్నాడు మీరా హుస్సేన్. "మా ఉస్తాదు చెప్పుతో కొట్టి నేర్పాడయ్యా. నిద్రలో కూడా మర్చిపోను."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదురా?" చెంచురామయ్య గద్దించాడు.

"ఎవరూ అడగలేదు దొరా. కొట్టారు గానీ అడగలేదు."

ఆదాం ఇన్‌స్పెక్టరు వైపు చూడలేదు. చూస్తే అనకూడని మాట వస్తుంది.

"నీళ్ళు తెచ్చాక ఏం జరిగింది? ఒక్కొక్కటే చెప్పు."

"ముందు కాయిలుకి గోనె చుట్టానయ్యా. చల్లబడేలోపు అయ్యగారికి మంచినీళ్ళు ఇద్దామని చెట్టు కిందికి పోయాను. తల నిండా రక్తం. ఈగలు. ఆయన కండువాయే మొహం మీద కప్పి, ఊళ్ళోకి పరిగెత్తాను."

"ఊపిరి చూశావా?"

"లేదయ్యా. రక్తం చూశాక ఇంకేం చూడలేదు."

"కారుకి రెండో తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

మీరా హుస్సేన్ తల వంచుకున్నాడు.

"చెప్పకపోతే ఉరి," అన్నాడు ఆదాం.

"హనుమాయమ్మగారి తాళంగుత్తిలో. అయ్యగారి ఇల్లాలు. ఆయమ్మ పేరు బయటికి లాక్కండయ్యా. ఆ ఫ్యాను పెట్టించింది ఆయమ్మే. అయ్యగారికి ఉక్క పడదని. పెట్టాక ఎలా తిరుగుద్దో చూపించమంది. తాళం తిప్పితేనే తిరుగుద్దమ్మా అని తిప్పి చూపించాను. వాకిట్లో నిలబడి చూసింది. ఎక్కలేదు."

"ఎందుకెక్కలేదు?"

"ఎక్కమనేవాళ్ళు ఉండొద్దా అయ్యా." అతను ఆగి, మళ్ళీ అన్నాడు. "మంగళవారం పొద్దున అయ్యగారు బట్టలన్నీ పెట్టెలో సర్దించి డిక్కీలో పెట్టించారు. ఇక ఈ ఇంటికి రానని ఆయమ్మతో చెప్పడం నేను విన్నాను."

బయటికి వచ్చాక ఆదాం అన్నాడు, "చిలకలూరిపేట వెళ్దాం. మీరూ రావాలి."

"నేనెందుకు?"

"నేను విన్నది కోర్టు వినదు. మీరు విన్నది వింటుంది."

"అక్కడ ఏమీ లేదనుకో?"

"మళ్ళీ మీ సర్కిల్లో నా నీడ కూడా కనపడదు."

ఆ బేరం చెంచురామయ్యకి నచ్చింది. జీపు తియ్యమని, గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకి ఏవో పురమాయింపులు చెప్పడానికి వెళ్ళాడు.

జోహరాబీ ప్రహరీ నీడలో టిఫిను క్యారియరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. అది తెరవలేదు. పోలీసులు దాన్ని లోపలికి పంపనివ్వలేదు. "ఆయన్ని తీసుకుపోకముందే వస్తావా అన్నా?" అంది.

"వస్తాను," అన్నాడు ఆదాం. మాట ఇచ్చే అలవాటు అతనికి లేదు. ఎదురుచూసే ఆడమనిషి మొహం చూసి చాలా కాలమైంది.

హనుమాయమ్మ వసారాలో చాప మీద కూర్చుని ఉంది. ముప్పయి దాటి ఉంటాయి. మూడోరోజే కావడంతో చేతులకి గాజులున్నాయి, కాళ్ళకి పసుపు ఉంది. పదోరోజున అవన్నీ తీస్తారు. అంతవరకు చనిపోయిన మొగుడికి ఆమె ఇంకా పెళ్ళామే.

ఇన్‌స్పెక్టరుకి వెండి గ్లాసులో మజ్జిగ వచ్చింది. ఆదాంకి ఆకుదొన్నెలో వచ్చింది. అతను దొన్నె పక్కన పెట్టి అరుగు అంచున కూర్చున్నాడు.

"మంగళవారం మీరెక్కడున్నారమ్మా?"

"ఇంట్లోనే."

"మీ తాళంగుత్తి ఒకసారి చూపిస్తారా?"

ఆమె నడుము దగ్గరి గుత్తి తీసి చాప మీద పెట్టింది. బీరువా, ధాన్యం గది, పత్తి కొట్టం. ఒకటీ కారుది కాదు.

"కారు తాళం?"

"కనపట్టంలేదు. ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది."

"ఇన్‌స్పెక్టరుగారి జేబులో ఉంది."

చెంచురామయ్య మొహం చిట్లించుకుని మజ్జిగ తాగాడు. ఇలాంటివాళ్ళని గద్దిస్తేనే మాట వస్తుందని అతని నమ్మకం. నోరు తెరవబోయాడు. ఆదాం చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఫ్యాను బాగా తిరిగిందా అమ్మా?"

ఆమె తలెత్తి మొదటిసారి అతన్ని చూసింది. ఆ చూపులో భయం లేదు. ఎవరో ఒకరు అడగాలని మూడు రోజులుగా కూర్చున్న మనిషి చూపు.

"బాగా తిరిగింది," అంది.

చెంచురామయ్య గ్లాసు సగంలో ఆగింది.

"ఇక రానని పెట్టె సర్దుకుని పోయాడు," అంది హనుమాయమ్మ. "కాళ్ళు కడుక్కుని పసుపు రాసుకుని బస్సెక్కాను. రమ్మని అడుగుదామని. మేదరమెట్ల ఎత్తు దగ్గర కారు ఆగుతుందని నాకూ తెలుసు. అక్కడే దిగాను. తుమ్మచెట్టు కింద మొహం మీద కండువా వేసుకుని పడుకున్నాడు. ఇంట్లోనూ అంతే పడుకుంటాడు. నిద్రలో లేపితే కోపం. లేచినదాకా కూర్చుందామని కారెక్కాను."

"ముందు సీట్లో."

"ముందు సీట్లోనే. అక్కడ కూర్చుంటే రోడ్డు బాగా కనపడుతుందని మీరా హుస్సేన్ ఎప్పుడో అన్నాడు. కారు కొన్ననాటి నుంచి ఒకసారి కూర్చోవాలని ఉండేది. నోరు విడిచి అడగలేదు. అడిగితే కాదంటాడు, కాదంటే ఇక ఆ కోరిక కూడా మిగలదు." ఆమె కాలిమెట్టె తిప్పుకుంది. "తాళం తిప్పి ఫ్యాను వేసుకున్నాను. చల్లగా లేదు గానీ గాలి వచ్చింది. ఆయన అక్కడ పడుకుని ఉన్నాడు. నేనిక్కడ కూర్చున్నాను. ఇద్దరం ఏదో ఊరికి పోతూ దారిలో ఆగాం అనుకున్నాను."

"ఎంతసేపు కూర్చున్నారు?"

"తెలీదు. అంత బాగున్నప్పుడు పొద్దెవరు చూసుకుంటారు?"

ఇంటికెళ్ళి ఈ మాట మార్తమ్మకి చెప్పాలి అనుకున్నాడు ఆదాం. రెండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. బయట ఏ మంచి మాట విన్నా ముందు ఆమెకోసం దాచుకుంటాడు. తరవాత గుర్తొస్తుంది. దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడు అని పాదిరిగారు ఓదార్చారు. ఆదాం ఆ రోజు నుంచి గుడికి పోలేదు. తీసుకున్నవాణ్ణి అతనింకా క్షమించలేదు.

"తరవాత?"

"కారు ముందునుంచి తారు మాడిన వాసన వచ్చింది. పొగ వచ్చింది. ఏదో పాడుచేశానని భయమేసి దిగి పరిగెత్తాను. లెండి అని కండువా లాగాను."

ఆమె ఆగిపోయింది.

"చచ్చి ఉన్నాడు," అన్నాడు చెంచురామయ్య.

"లేదు."

దెబ్బ తగిలాక చాలాసేపు ప్రాణం ఉండి ఉండాలని శవపరీక్ష చేసిన డాక్టరు ముందే చెప్పాడు. చెంచురామయ్య ఆ మాట చెవిన వేసుకోలేదు.

"కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. 'బుల్లయ్య కొట్టాడు. చెల్లెలి దగ్గరికి పెట్టెతో పోతావా అని కొట్టాడు' అన్నాడు. నేను నీళ్ళకోసం అటూ ఇటూ చూస్తున్నాను. డ్రైవరు తెచ్చిన బిందె కనపడింది. ముంచబోతుంటే, 'వెంకటేశ్వరమ్మకి కబురు చెయ్యి' అన్నాడు."

"ఆమెకా?" అన్నాడు చెంచురామయ్య.

"ఆమెకే. నన్ను చూసి, నా పేరు పెట్టి పిలిచి, ఆమెకి కబురు చెయ్యమన్నాడు."

"అప్పుడు మీరేం చేశారు?" అన్నాడు ఆదాం.

"కండువా మళ్ళీ కప్పాను. పేట బస్సు వస్తోంది. ఎక్కాను."

ఆమె ఏడవలేదు. ఆదాం ఆమెని ఓదార్చలేదు. ఓదార్పుకి తగిన పని కాదు ఆమె చేసింది. అయినా ఆ కారు సీటు, ఆ గాలి, ఆ కాసేపు అతని కళ్ళముందు నుంచి పోవడంలేదు.

"ఏ పాపం ఎరగనివాణ్ణి ఉరికి పంపుతుంటే నోరు కట్టుకుని కూర్చున్నారు."

"కొట్టింది ఎవరో చెబితే ఆ తరవాత మాట కూడా చెప్పాలి కదా. చచ్చేముందు ఎవర్ని తలుచుకున్నాడో. నలుగురి ముందూ, నా నోటితో. నిన్న డ్రైవరు పెళ్ళాం వచ్చి వాకిట్లో కూర్చుంది. మా ఆయన్ని ఇప్పించమ్మా అంది. దాని మొగుడు లాకప్పులో ఉండి కూడా దాని గురించే అడుగుతున్నాడట, అన్నం తిన్నదా అని. నాకు కడుపు మండింది. తలుపేసుకున్నాను."

"కోర్టులో చెబుతారా?"

ఆమె వాకిలి వైపు చూసింది. అక్కడ కారు ఉండే చోట నూనె మరకలు మిగిలాయి.

"రెండు మాటలూ చెబుతాను," అంది. "దాని మొగుడన్నా ఇంటికి రానీ."

ఆదాం లేచాడు. "విన్నారుగా సార్. పదండి, మీరా హుస్సేన్‌ని స్టేషనులోనే ఆపాలి."

చెంచురామయ్య లేవలేదు. మజ్జిగ గ్లాసు కింద పెట్టబోతే చాప మీద ఒరిగిపోయింది. అతను దాన్ని చూడలేదు.

"ఈపాటికి బయల్దేరి ఉంటారు," అన్నాడు.

"ఎలా బయల్దేరతారు? మీ జీపు ఇక్కడుంటే?"

"జీపు మనం తెచ్చుకున్నాం కనకనే. కోర్టు వేళ తప్పకూడదని..." అతను పెదవులు తడుపుకున్నాడు. "బుల్లయ్య తన లారీ ఒంగోలు వైపే పోతోందన్నాడు. తనే తోలుకుపోయి దింపుతానన్నాడు. సంకెళ్ళు వేసి ఎక్కించమని చెప్పి వచ్చాను."

"వెంట ఎవరున్నారు?"

"ఒక కానిస్టేబులు." చెంచురామయ్య అప్పుడు లేచాడు. "డ్రైవరు పెళ్ళాం కూడా ఉంది. ఏడుస్తోంది పాపం, మొగుడి పక్కనే కూర్చోనివ్వండి అని బుల్లయ్యే అడిగాడయ్యా. ఎంత మంచివాడో అనుకున్నాను."